పాలరంగు ఇన్సులిన్ గుట్టు విప్పిన సిస్టరమ్మకి

పాప ఇంటికొచ్చేసింది. కళ్లు మూతలు పడుతున్నా ఇది రాయకుండా పడుకోలేను.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లకి ఇన్సులిన్‌తోనే ఒళ్లంతా దద్దుర్లు. ఒకచోట "అలర్జీ కదా, ఆపేయండి" అని పంపేశారు. ఈ పిల్లలకి ఇన్సులిన్ ఆపితే కీటోయాసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారడం) వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట చెప్పే దిక్కు కూడా లేకపోయింది.

తర్వాత చేరిన ఆసుపత్రి వార్డులో నైట్ డ్యూటీ సిస్టరమ్మ మాకేమీ కాదు. డ్యూటీ దిగాక కూడా పాప పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందు గుచ్చారా, స్పిరిట్ ఆరనిచ్చారా, పాత సూదా, మందు చర్మం పైపొరలోనే పడుతోందా, అన్నీ అడిగింది. అవేవీ కావని తేలాక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టి, పక్కనే టైము రాసింది. "ప్రతి డోసుకీ ఇలాగే గీయండి, ఏ మందో కూడా రాయండి" అని పెన్ను మా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

మధ్యాహ్నం వేసే నీళ్లలాంటి మందుకి, అంటే రెగ్యులర్ ఇన్సులిన్‌కి, ఏమీ లేదు. పొద్దున, రాత్రి వేసే పాలరంగు 30/70కి (త్వరగా పనిచేసేదీ, నిదానంగా పనిచేసేదీ కలిపిన ఇన్సులిన్) మాత్రం అరగంటలోపే ఉబ్బింది. ఇన్సులిన్, మెటాక్రెసాల్ (మందు పాడవకుండా కలిపేది), జింక్ రెండింట్లోనూ ఉన్నాయి. పాలరంగు దాంట్లో అదనంగా ఉండేది ముఖ్యంగా ప్రొటమైన్, ఇన్సులిన్ నిదానంగా పనిచేయడానికి కలిపే ప్రొటీన్. అలర్జీ మాత్ర సెట్రిజిన్ వారం ముందే ఆపించి, పోల్చి చూడ్డానికి హిస్టమిన్, సెలైన్ చుక్కలు పక్కన పెట్టి డాక్టరు గారు ప్రిక్ టెస్ట్ (చర్మం మీద మందు చుక్క వేసి సన్నగా గుచ్చి చూసేది) చేశారు. ప్రొటమైనే.

ఇప్పుడు రాత్రి గ్లార్జిన్ (ప్రొటమైన్ లేకుండా రోజంతా పనిచేసే ఇన్సులిన్), తిండికి అరగంట ముందు రెగ్యులర్. రెండూ ఒకే సిరంజిలో కలపకూడదు. మా రెగ్యులర్ మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసా, ఎర్రమూత సిరంజి. గ్లార్జిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లది, నారింజమూత సిరంజి. గ్లార్జిన్‌ని ఎర్రమూత దాంతో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. సిస్టరమ్మ ఇది మాచేత మళ్లీ మళ్లీ చెప్పించింది. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా తొడ బయటి వైపు కండలోకి అడ్రినలిన్ (మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండేది), పాప బరువులో కిలోకి 0.01 మిల్లీలీటరు, వెంటనే ఆసుపత్రికి.

మాకు ఉచితంగా ఇచ్చే చోట 30/70 తప్ప వేరేది లేదంటారు. పడని పిల్లలు ఏమైపోవాలి?

అమ్మా, అక్కా, బావా, మీకు వేరే చెప్పాలా.

అన్నట్టు, రాత్రిపూట షట్టరు తీసి గ్లార్జిన్ ఇచ్చిన మెడికల్ షాపు తమ్ముడూ, ఐస్ డబ్బా పట్టుకొచ్చిన ఆటో అన్నా, ల్యాబ్ మేడమ్, పక్క బెడ్డు పెద్దమ్మగారూ, అందరికీ దండాలు.