నవంబరులో పంపిన పీఎల్‌జీఏ సీసాల విషయం

గౌరవనీయులైన ఖాతాదారులకు నమస్కారం.

తిరుపతిలోని మా చిన్న దుకాణం నుంచి మీ ప్రయోగశాలలకు పాలిమర్లు తెప్పించుకుంటున్న మీ అందరికీ ఒక పొరపాటు గురించి దాచకుండా చెప్పవలసి ఉంది. గత నవంబరులో పెద్ద ప్యాకెట్టు విప్పి, ఒక్కొక్క గ్రాము చొప్పున చిన్న సీసాల్లోకి మార్చి మేము పంపిన 50:50 పీఎల్‌జీఏ (శరీరంలో మెల్లగా కరిగిపోతూ మందును విడుదల చేసే పాలిమర్) తేమ పట్టి పాడైంది. తప్పు తయారీదారుది కాదు, రవాణాదీ కాదు, పూర్తిగా మాదే.

చిత్తూరు నుంచి ఒక ఎం.ఫార్మసీ విద్యార్థిని ఫోన్ చేసి, నెల రోజుల పాటు మందును నిదానంగా విడుదల చేయవలసిన మైక్రోస్ఫియర్లు (ఆ పాలిమర్‌తో చేసిన అతి చిన్న గోళాలు) మొదటి రెండు రోజుల్లోనే సగానికి పైగా వదిలేస్తున్నాయని చెప్పారు. గోళాల పైపొరలో మందు ఎక్కువగా నిలిచిపోయినా అలా జరుగుతుంది కాబట్టి, లోపం ఆమె తయారీ పద్ధతిలోనే ఉందేమోనని మొదట అన్నాను. అదే పద్ధతిలో మా పాత సీసాతో చేసిన బ్యాచ్ ఫలితాలను కూడా ఆమె పంపారు. అవి సరిగ్గానే ఉన్నాయి. మా వద్ద మిగిలిన సీసాను స్నిగ్ధత పరీక్షకు (పాలిమర్ ద్రావణం ఎంత చిక్కగా ఉందో చూసేది, గొలుసులు తెగితే ఆ చిక్కదనం తగ్గుతుంది) పంపితే, లేబుల్ మీది కనీస స్థాయి కంటే తక్కువ వచ్చింది. ఆమెకు ఫోన్‌లో చెప్పిన క్షమాపణ ఇక్కడ మరొకసారి చెబుతున్నాను.

జరిగింది ఇది. ఆ రోజు ఉదయం నుంచి ముసురు పట్టి ఉంది. సాయంత్రం బస్సుకు పార్సిల్ అందించాలన్న తొందరలో, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకెట్టును పది నిమిషాలకే కత్తిరించాం. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టినట్టు రేకు లోపలి వైపు సన్నని తడి కనిపించింది, తెల్లని గింజలు కొన్ని చెంచాకు అంటుకున్నాయి. ఆ తడి నేను చూశాను, చూసి కూడా పని ఆపలేదు. పైగా ఫ్రీజర్‌లో చోటు లేదని మిగిలిన సీసాలను కొన్ని వారాలు బీరువాలోనే ఉంచాం.

పీఎల్‌జీఏ అంటే లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల భాగాలు ఎస్టర్ బంధాలతో గొలుసులా అల్లుకున్న కోపాలిమర్. శరీరంలో నీరు ఆ బంధాలను తెంచుతుంది కనుకనే మందు మెల్లగా బయటకు వస్తుంది. 1989లో అమెరికాలో ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సకు అనుమతి పొందిన ల్యూప్రాన్ డిపో ఇంజెక్షన్ ఈ గుణం మీదే ఆధారపడింది. ఆ రెండు భాగాలూ సమానంగా ఉన్న 50:50 రకం సుమారు ఒకటి రెండు నెలల్లో కరిగిపోతుంది, లాక్టిక్ భాగం ఎక్కువగా ఉన్న 75:25 రకం నీటిని తక్కువగా పీల్చుకుంటుంది గనుక అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. శరీరంలో జరగవలసిన ఆ పనే మా సీసాలో ముందుగా మొదలైంది. బంధం తెగిన ప్రతిచోటా కొత్తగా ఆమ్లపు కొస ఏర్పడి, మిగిలిన బంధాలు తెగడాన్ని ఇంకా వేగవంతం చేస్తుంది. అందువల్ల ‘వాక్యూమ్‌లో ఆరబెట్టి వాడుకోవచ్చా?’ అని అడిగిన వారికి నా సమాధానం, వద్దు అనే. ఆరబెడితే నీరు పోతుంది గాని తెగిన గొలుసులు తిరిగి అతుక్కోవు. చూపుకు గింజలు తెల్లగా, మామూలుగానే ఉంటాయి, కాబట్టి చూసి నమ్మవద్దు.

మన ఊరి ఎండనే ఇన్నాళ్లూ నేను పెద్ద శత్రువనుకున్నాను. ఈ పాలిమర్ 45, 50 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది గనుక మే నెల పార్సిళ్లను ఐస్ ప్యాకులతో పంపుతూ వచ్చాం. వానాకాలపు గాలిని మాత్రం పట్టించుకోలేదు.

ఇకపై ప్యాకెట్టు గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా, అంటే కనీసం రెండు మూడు గంటలు, విప్పము. తేమ తగ్గించే యంత్రం కొన్నాం. నైట్రోజన్ నింపి, సిలికా జెల్ సంచితో రేకు కవరులో మూసి ఇస్తాం. దీనివల్ల గ్రాము సీసా ధర కొంత పెరుగుతుంది, అది తప్పించలేకపోతున్నాను.

నవంబరు తేదీ ముద్ర ఉన్న సీసాలు సగం వాడినవైనా సరే తిరిగి పంపండి, రానుపోను ఖర్చు మాదే. వాటితో చేసిన ఫలితాలను థీసిస్‌లో చేర్చే ముందు దయచేసి నాకు ఒక్క ఫోన్ చేయండి. మీ గైడ్‌కు చూపించుకునేలా స్నిగ్ధత పరీక్ష నివేదిక నకలు, పొరపాటు మాదేనన్న ఉత్తరం సంతకం చేసి పంపుతాను.