ఆ లక్షా పాతిక లాప్‌టాప్ కొనకముందు ఇది చదువు

తిరుపతి
ఆదివారం

చిరంజీవి మురళికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ బాగున్నాము. మీ నాయన మోకాలు పరవాలేదు, మేడ మెట్లు మాత్రం నేను ఎక్కనివ్వడం లేదు. నువ్వు ఫోన్ చేసి పదిహేడు రోజులైంది. పనులుంటాయిలే, దానికోసం రాయడం లేదు.

మొన్న పీలేరు అత్త వచ్చింది. కాఫీ గ్లాసు కింద పెట్టకముందే "మురళి పాపకు లక్షా పాతిక వేల గేమింగ్ లాప్‌టాప్ తీసిస్తన్నాడంట గదా, నెల కంతుల మీద" అనింది. ఆయమ్మ మాటల్లో సగం తీసేయాలని నాకూ తెలుసు. సగం తీసేసినా అరవై రెండున్నర వేలు మిగులుతాయి.

లాప్‌టాప్ వద్దు, విడి భాగాలు కొని డెస్క్‌టాప్ కట్టించు. ముందు ఎనిమిదేళ్ళ బిడ్డకు ఏం కావాలో చూడు. పాప ఆడేది మైన్‌క్రాఫ్ట్, రోబ్లాక్స్, మీ తమ్ముడు అలవాటు చేసిన ఆ కార్ల ఫుట్‌బాల్ రాకెట్ లీగ్. వీటికి విడిగా గ్రాఫిక్స్ కార్డే (తెర మీద బొమ్మ గీసే పలక) అక్కరలేదు. రైజెన్ 5 5600జి అని 2021లో వచ్చిన ప్రాసెసర్ ఉంది, ఆరు కోర్లు, గ్రాఫిక్స్ దాని లోపలే. చివర 'జి' అక్షరం చూసుకో. జి లేని 5600 అంటగడితే తెర మీద బొమ్మే రాదు, కార్డు కొనాల్సిందే. ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో దీనికి తిరగేసి, చివర 'ఎఫ్' ఉన్నదానికి బొమ్మ రాదు. డబ్బా విప్పనిది తీసుకుంటే కూలర్ (ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్) దాంతోనే వస్తుంది. విడిగా కవర్లో పెట్టి ఇచ్చేదానికి కూలర్ రాదు, వారంటీ మాట కూడా నమ్మలేము.

ర్యామ్ 16 జీబీ చాలు, కానీ ఒకే స్టిక్ వద్దు. 8 జీబీవి రెండు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్ దగ్గరే అప్పు తెచ్చుకుంటుంది. డీడీఆర్4 3200 స్టిక్ ఒకటైతే సెకనుకు 25.6 జీబీ దారి, రెండైతే 51.2. అంగట్లో వాళ్ళు "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు సార్" అని ఒకటే అమ్ముతారు, ఆ తర్వాత అనేది రాదు, ఆట మాత్రం ఆగి ఆగి నడుస్తుంది. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. బయోస్‌లో (విండోస్ రాకముందు బోర్డు తెరిచే సెట్టింగులు) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యి, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది. చెయ్యకపోతే 3200 ర్యామ్ చాలాసార్లు 2133లోనో 2400లోనో నడుస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది. బిల్లు కట్టకముందే చూడు.

బోర్డు ఏ520 అయినా బి550 అయినా సరే. అంగట్లో ఎన్నాళ్ళుగానో పడి ఉన్నదైతే బయోస్ పాతదై 5600జిని గుర్తుపట్టదు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగా ఉంటుంది. అక్కడే ఆన్ చేసి చూపించమను. చెన్నైలో కంప్యూటర్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్ నీకు దగ్గరే గదా, మూడు అంగళ్ళలో కొటేషన్ రాయించుకో.

గిరి మామ మనవడి సంగతి నీకు చెప్పినానా? పోయిన ఎండాకాలం మామ ఆ పిల్లోడి కోసం "ఐ7, 16 జీబీ, 4 జీబీ గ్రాఫిక్స్, ఏడు రంగుల లైట్లు, 38 వేలే" అని ఒక డబ్బా కొన్నాడు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, బాలింతను తెచ్చినట్టు తెచ్చినాడు. బండికైతే చక్రం కింద నిమ్మకాయ పెడతారు, దీనికి చక్రం లేదు కాబట్టి నెత్తిన పెట్టినాడు. వారం తిరక్కుండానే ఆట మొదలైన పావుగంటకు టక్కున ఆఫ్. అంగడాయన "వోల్టేజీ సార్" అని స్టెబిలైజర్ అమ్మినాడు. మళ్ళీ ఆఫ్. "వైరస్ సార్" అని విండోస్ మార్చి ఐదొందలు తీసుకున్నాడు. మళ్ళీ ఆఫ్. అప్పుడు మనింటికి మోసుకొచ్చినాడు. పక్క మూత తీస్తే ఏముంది, ఐ7-2600, 2011 నాటిది. ఐ7 అన్న మాట అబద్ధం కాదు గదా! మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఒప్పుకునేది ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఇది రెండో తరం. విండోస్ 10కేమో మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేశారు. గ్రాఫిక్స్ కార్డు జీటీ 730. మెమరీ 4 జీబీ ఉంది, కానీ నెమ్మదిగా నడిచే డీడీఆర్3. చెరువు పెద్దది, తూము సన్నం. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) మీద 500 వాట్లని పెద్ద అక్షరాలు. పక్కన సన్న స్టిక్కర్ చదివితే 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు 192 వాట్లే. ప్రాసెసర్‌కూ కార్డుకూ తిండి ఆ 12 వోల్టుల నుంచే. చేత్తో ఎత్తితే తాంబూలం పళ్ళెమంత బరువు లేదు. మార్చమని చెప్పి పంపినాము. ఆయప్ప "నెలాఖరుకు చూద్దాంలే అమ్మణ్ణీ" అన్నాడు. నెలాఖరు రాకముందే డబ్ అని పేలి బోర్డును కూడా పట్టుకుపోయింది. అంగడాయనేమో "గ్యారంటీ ఎస్‌ఎంపీఎస్‌కే సార్, బోర్డుకు లేదు" అన్నాడంట.

అందుకే ఎస్‌ఎంపీఎస్‌లో మాత్రం పిసినారితనం వద్దు. 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర, 12 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లకు పైన ఉండాలి. రేపు కార్డు వేసుకోవాలన్నా పనికొస్తుంది (వేసుకున్న రోజు తెరకు పోయే హెచ్‌డీఎంఐ తీగ బోర్డు నుంచి పీకి కార్డుకు పెట్టాలి, సగం మంది మరిచిపోతారు). ఆటలూ ఫైళ్ళూ దాచుకోడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర. 600 వీఏ యూపీఎస్ పెడితే కరెంటు పోయినా ఆపుకునేంత వ్యవధి దొరుకుతుంది. ఎర్త్ సరిగా లేని ప్లగ్గులో పెడితే ఇనప డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంది. పాప చెప్పులు లేకుండా తిరుగుతుంది గదా, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్త్ చూపించు.

లాప్‌టాప్ ఎందుకు వద్దంటున్నానంటే, పాల గ్లాసు ఒలికితే డెస్క్‌టాప్‌లో పోయేది కీబోర్డు ఒక్కటే, లాప్‌టాప్‌లో కింద బోర్డు దాకా పోతుంది. పైగా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050 అని ఒకే పేరు రాస్తారు గానీ, లాప్‌టాప్‌ను బట్టి దానికి 35 వాట్లు ఇచ్చేవీ ఉన్నాయి, 80 ఇచ్చేవీ ఉన్నాయి, వాట్లు తగ్గితే ఆట నెమ్మది. చెన్నై ఉక్కలో పరుపు మీద పెట్టుకుని ఆడితే గాలి దారి మూసుకుపోయి, వేడెక్కి, ఆ వేగం కూడా రాదు.

ఇంక ఆ కంతులు. వడ్డీ లేదంటారు, బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ మేరకు అంగడి ధర తగ్గిస్తుంది. క్రెడిట్ కార్డు కంతయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీ నెత్తినే. కంతు అంటే వచ్చే సంవత్సరం జీతం ఇప్పుడే ఖర్చు పెట్టడం. జీతం సరిగా వస్తోందిగా? ఊరికే అడుగుతున్నా. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని పేపర్లో చదివి మీ నాయన రెండుసార్లు అడిగినాడు. వసంతకు మెసేజ్ పెడితే దండం గుర్తు ఒక్కటి వచ్చింది.

కొత్తదానికి చాలకపోతే ఆఫీసులు వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్ చూడు. ఐ5-8500, ఎనిమిదో తరం, విండోస్ 11 నడుస్తుంది. దాంట్లో పొట్టి గ్రాఫిక్స్ కార్డే పడుతుంది, జీటీఎక్స్ 1650 పొట్టిది దొరికితే విడి కరెంటు తీగ లేకుండా స్లాటులో వచ్చే 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది. ఆర్‌ఎక్స్ 6400 కార్డు మాత్రం వద్దు, ఆ పాత స్లాటులో దాని వేగం పడిపోతుంది. చాలకపోతే అని మాటవరసకు అన్నాను. మీ నాయన పాడిన చీటీ డబ్బు వచ్చే నెల చేతికొస్తుంది, అది ఎవరికీ మాటివ్వలేదు.

విండోస్ అసలుదే వేయించు. పాపకు మైక్రోసాఫ్ట్‌లో పిల్లల అకౌంట్ తెరిచి రోజుకు గంటే ఆడేట్టు కట్టడి పెట్టు, అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గర పెట్టుకో. రోబ్లాక్స్‌లో బ్యాంకు కార్డు నంబరు సేవ్ చెయ్యొద్దు. మైన్‌క్రాఫ్ట్ మోడ్‌లు (బయటివాళ్ళు ఆటకు చేసిపెట్టే చేర్పులు) దొరికినచోటల్లా దించనివ్వొద్దు, 2023లో పేరున్న చోటనుంచి దించిన మోడ్‌ల్లోనే దొంగ ప్రోగ్రాం బయటపడింది. తెర పై అంచు పాప కళ్ళ ఎత్తుకు ఉండాలి. నువ్వు చిన్నప్పుడు మెడ ముందుకు చాపి చాపి చదివి ఇప్పుడు ఎట్ల కూర్చుంటావో చూసుకో.

శనివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మీ నాయన వస్తానంటున్నాడు, మోకాలితోనే. చింతకాయ ఊరగాయ, రాగిపిండి కట్టి పెట్టినాను. వద్దంటే ఫోన్ చేసి వద్దని చెప్పు.

ఒకటి మరిచిపోయినాను. పాపను కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి, పాదానికీ నేలకూ ఎంత ఎడముందో కొలిచి పంపు. కాళ్ళు వేలాడకుండా వడ్రంగి ఆచారి చేత పీట చేయిస్తాను. జానల్లో కాదు, అంగుళాల్లో.

అమ్మ