మానుకోటలో పలికిన వరంగల్ అడ్రస్

హనుమకొండ

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. మిర్చి సీజను కదా, ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. చెల్లి వాళ్లు కాజీపేటకు మారారు. మిగతా అంతా క్షేమం. ఇక అసలు సంగతి విను.

ఎనుమాముల మార్కెట్ వ్యాపారి నిల్వల ప్రోగ్రాం నా చేతికి వచ్చిందన్నాను కదా. ఆయనకు ఇక్కడొక గోదాము, మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, ఒకటి. మానుకోట గుమాస్తా వరంగల్ నిల్వ అడిగితే తెర మీద మానుకోట బస్తాల లెక్కే వచ్చేది! ఎర్రక్షరం లేదు, హెచ్చరిక లేదు. నన్ను భయపెట్టింది అదే.

కారణం చూడు. ప్రతి కంప్యూటర్ తన ఐపీ అడ్రస్‌ను హైదరాబాద్ సర్వర్‌లోని జాబితాలో రాసేది. మిగతావి అది చదువుకొని నేరుగా వెళ్లేవి. వరంగల్‌ది 192.168.1.10. మానుకోటలో పక్క బల్ల మీది కంప్యూటర్‌ది కూడా అదే! దానిలోనూ ఇదే ప్రోగ్రాం, అడగగానే మర్యాదగా పలికింది. ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఊరి పేరు లేకుండా ఇంటి నంబరు మాత్రమే రాసిన కవరు లాంటిది అది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం 192.168తో మొదలయ్యే ఆ శ్రేణిని ఎవరి నెట్‌వర్కులో వాళ్లు వాడుకోవచ్చు, బయట చెల్లదు. అడ్రస్‌ది తప్పు కాదురా, దాన్ని గడప దాటించి మూడో యంత్రం చేతిలో పెట్టడమే తప్పు. పోనీ రూటర్ బయటి అడ్రస్ రాద్దామా అంటే, మానుకోట రూటర్‌కు వచ్చింది 100.64తో మొదలయ్యేది. నెట్ కంపెనీల సొంత నాట్ (ఒకే బయటి అడ్రస్‌ను చాలామందికి పంచే పద్ధతి) కోసం 2012లో పక్కన పెట్టిన శ్రేణి అది. బయటివాళ్లు నేరుగా దాని దగ్గరకు రాలేరు.

కొత్త తరం అడ్రస్ పద్ధతి ఐపీవీ6 వస్తే ఈ బెడద పోతుందని నువ్వంటావు, తెలుసు. అందులోనూ ఎఫ్‌ఈ80తో మొదలయ్యే అడ్రస్ ఒక్క లింకు వరకే, అంటే రూటర్ దాటదు. ఒక సంస్థ లోపలే చెల్లే సైట్-లోకల్ అడ్రస్‌లనైతే ఇలాంటి గందరగోళం వల్లే 2004లో వదిలేశారు.

అందుకే గోదాముకు చెరగని గుర్తింపు ఒకటి ఇచ్చాను. రెండు చోట్ల నుంచీ యంత్రాలే హైదరాబాద్‌కు కనెక్షన్ తెరిచి పట్టుకుంటాయి, ప్రశ్న, జవాబు దాని మీదే. జవాబిచ్చేది తానెవరో రహస్య కీతో ముందు రుజువు చేసుకోవాలి. ఈ షరతు మాత్రం ఎవరు వద్దన్నా తీయను.

ఒకే గోదాములో ఉన్న రెండు యంత్రాలకు హైదరాబాద్ చుట్టు ఎందుకు? వీడియో కాల్స్‌లో లాగా ఉన్న అడ్రస్‌లన్నీ ఇచ్చిపుచ్చుకొని, ఏది పలుకుతుందో పరీక్షించి, ఆ తర్వాత... అయ్యో, వ్యాపారి మనిషి బండి తెచ్చి బయట నిలబడ్డాడు. దీని మీద నీ మాట కావాలి, వెంటనే రాయి.

నీ బావ