మంత్రిగారూ, అంతా కంపెనీ బోర్డు ఇష్టమేనంటే మేం ఎవరిని అడగాలి?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

సీఎస్‌ఆర్ నిధుల గురించి, అంటే కంపెనీలు తమ లాభంలో కొంత సమాజం కోసం చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన డబ్బు గురించి, మా ఊరివాళ్లం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీలిచ్చాం, మా పక్కనున్న ఫ్యాక్టరీ కంపెనీకి ఇచ్చాం, మీ శాఖకూ పంపాం. చివరికి తేలిందొకటే: ఏ పని చేయాలో కంపెనీ బోర్డు చూసుకుంటుంది, ప్రభుత్వం జోక్యం చేసుకోదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

సార్, ఆ ఫ్యాక్టరీ మా పొలాల పక్కనే ఉంది. లారీలు మా రోడ్డు మీదే తిరుగుతాయి, దుమ్ము మా ఇళ్లలోనే పడుతుంది. బోరు నీళ్లు తాగలేకపోతున్నామని మొత్తుకుంటే ఆర్‌వో ప్లాంట్ పెట్టారు. పెద్దలొచ్చి రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు. కొన్నాళ్లకే మోటారు కాలిపోయింది. ఫిల్టర్లు మార్చే దిక్కు లేదు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలంటే కంపెనీ పంచాయతీని చూపించింది, పంచాయతీ కంపెనీని చూపించింది. చివరికి తాళం పడింది. డబ్బులున్నవాళ్లం క్యాన్ నీళ్లు కొనుక్కుంటున్నాం. లేనివాళ్లు ఆ బోరు నీళ్లే తాగుతున్నారు. కంపెనీ నివేదికలో మాత్రం తాగునీటి పద్దు కింద ఖర్చు చూపించేశారు, పని అయిపోయింది!

దీన్ని చట్టం తప్పు అనకపోవడమే నా బాధ. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టకుండా, మిగిలింది చట్టం చెప్పిన నిధికో ఖాతాకో గడువులో బదిలీ చేయకుండా ఉంటే కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. మరి ఖర్చు పెట్టిన పని మూలనపడితే? ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే చేసిన పనివల్ల జనానికి ఏం ఒరిగిందో చూసే పరిశీలన, ఉంది కదా అంటారు. అది సగటున 10 కోట్లు, అంతకు మించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకే, అదీ కోటికి తగ్గని ప్రాజెక్టులకే. మా ప్లాంట్‌కు కోటి ఎక్కడైంది సార్? ఊళ్లలో చేసేవన్నీ ఇలాంటి చిన్న పనులే. వాటిని తిరిగి చూసే నాథుడు లేడు.

ఫ్యాక్టరీ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. అది చదివి ఎంతో ఆశపడ్డాం. 2021 ఆగస్టులో మీ శాఖే అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదని వివరణ ఇచ్చింది. దుమ్ము మాకు తప్పనప్పుడు ప్రాధాన్యం ఇవ్వడం వాళ్లకెందుకు తప్పనిసరి కాదు?

కంపెనీల చేతులు కట్టేయమని అడగట్లేదు. కనీసం కొంత వాటా అయినా పక్క ఊళ్లకు తప్పనిసరి చేయండి. ఏ పని కావాలో ముందు గ్రామసభను అడగమనండి. పెట్టినదాన్ని కొన్నేళ్లు నడిపే బాధ్యత కూడా పెట్టినవాళ్లదే అని రూల్స్‌లో రాయండి. మీ శాఖ సీఎస్‌ఆర్ పోర్టల్‌లో జిల్లా పేరుతో సరిపెట్టకుండా ఊరి పేరుతో సహా లెక్కలు పెట్టించండి, మేమే చూసి చెబుతాం ఏది నడుస్తోందో, ఏది ఆగిపోయిందో. ఇవన్నీ ఆలస్యమవుతాయంటే, ముందు మీ శాఖ నుంచి ఒక్క అధికారినైనా మా ఊరికి పంపండి. బోర్డు ఇష్టమన్న జవాబు మాత్రం మళ్లీ పంపకండి, దండం పెడతాను.

ఇట్లు,
ఫ్యాక్టరీ పక్క ఊరి నివాసి