యాస తీసేశాక జోకు మిగలాలి

సంపాదకులకు,

స్టాండప్ కామెడీలో ప్రాంతాల మీద, యాసల మీద వేసే జోకుల గురించి వాదన తెగడం లేదు. కేసు పెట్టాలని ఒకరు, జోకును జోకుగా తీసుకోవాలని ఇంకొకరు. జోకు అసలు ఎక్కడ చెడుతుందో మాత్రం ఇద్దరూ చెప్పరు.

అమెరికన్ కార్టూన్ సీరియల్ ‘ది సింప్సన్స్’లో అపూ అనే భారతీయ దుకాణదారు ఉంటాడు. 1990 నుంచి అతనికి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. కథ ప్రకారం అపూ కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేశాడు. అది ఎవరికి గుర్తుంది? అక్కడి బడుల్లో మన పిల్లల్ని ఏడిపించడానికి పనికొచ్చింది అతని యాస ఒక్కటే. న్యూయార్క్‌లో తెలుగు దంపతులకు పుట్టిన కమెడియన్ హరి కొండబోలు 2017లో దీని మీదే డాక్యుమెంటరీ తీశాడు. 2020లో అజారియా ఆ పాత్ర వదులుకున్నాడు, మరుసటి ఏడాది క్షమాపణ చెప్పాడు. అపూ విషయంలో నొచ్చుకున్న మనమే ఇక్కడ సీమ యాసనో శ్రీకాకుళం యాసనో వెక్కిరిస్తే చప్పట్లు కొడుతున్నాం.

కమెడియన్లు యాస మీద ఆధారపడటానికి కారణం చాలావరకు సమయం. ఎవరైనా స్టేజి ఎక్కి ప్రయత్నించే ఓపెన్ మైక్‌లో కొత్తవాళ్లకు దొరికేది నాలుగైదు నిమిషాలు. ఒక మనిషిని పరిచయం చేయడానికే అర నిమిషం పోతుంది. ‘వాడిది కడప’ అని గొంతు మారిస్తే ఆ పని క్షణంలో అయిపోతుంది. కత్తులు, సుమోలు, నాటుబాంబులు సినిమాలు ముందే జనం బుర్రలో పెట్టాయి. నవ్వు వస్తుంది, కానీ అది తెలిసినదాన్ని గుర్తుపట్టిన నవ్వు. పంచ్ ముందే తెలిసిపోయింది కాబట్టి మూడో జోకు దగ్గరికి వచ్చేసరికి హాలు చల్లబడుతుంది. అప్పుడు కమెడియన్ యాస ఇంకా సాగదీస్తాడు, బూతు కలుపుతాడు. ఎగతాళి మొదలయ్యేది అక్కడే.

రాసిన జోకును ముందు యాస లేకుండా సొంత మాటలో చదివి చూడాలి. నవ్వు రాకపోతే అందులో జోకు లేనట్టే. తర్వాత ‘కడప’ కొట్టేసి ‘బీహార్’ అని రాయాలి. మిగతాదేమీ మార్చకుండా సరిపోయిందంటే, కడప గురించి అందులో ఏమీ లేదు. అదే, వాన మొదలవగానే హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో అందరూ బాల్కనీ తలుపులు వేసుకుంటుంటే, అనంతపురం నుంచి వచ్చిన మామ తలుపు బార్లా తెరిచి కుర్చీ వేసుకుని కూర్చున్నాడనుకోండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లా మనిషి అతను. ఈ జోకును కోనసీమకు మార్చలేరు. దీనికి అనంతపురం వాళ్లే అందరికన్నా ముందు నవ్వుతారు.

యాస వాడొద్దని మేం అనడం లేదు. ఎవరి నోట వాడుతున్నారన్నదే అసలు సంగతి. దశాబ్దాల పాటు సినిమాల్లో హీరోది పుస్తకాల భాష, తెలంగాణ యాస రౌడీకో పనివాడికో. స్టేజి మీద కూడా కథ చెప్పేవాడు ‘మామూలు’ తెలుగులో చెబుతూ, తెలివితక్కువవాడికి మాత్రమే యాస తగిలిస్తే అదే తప్పు. షో మొత్తం తన యాసలోనే చెబితే ఆ సమస్యే రాదు.

‘నేనూ ఆ ఊరివాణ్ణే’ అన్న సమాధానం హాల్లో చెల్లుతుంది. రీల్ కత్తిరించినప్పుడు మొదట పోయేది ఆ మాటే. అందుకే క్లిప్‌లో సెటప్, అంటే పంచ్‌కు ముందు చెప్పిన సందర్భం, ఉందో లేదో చూశాకే పెట్టాలి. ప్రేక్షకులతో మాట కలిపి నవ్వించే క్రౌడ్ వర్క్‌లో ఊరు అడగండి, ఉద్యోగం అడగండి, ఇంటిపేరు మాత్రం అడగకండి. మన దగ్గర ఇంటిపేరు అడిగితే నలుగురిలో కులం అడిగినట్టే.

సర్దార్జీ జోకులు ఆపాలన్న పిటిషన్ మీద, పౌరులకు నైతిక మార్గదర్శకాలు ఇవ్వలేమని 2017లో సుప్రీంకోర్టు అంది. అది సబబే. అయితే ఎస్సీ, ఎస్టీలను పది మందిలో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి చట్టం ప్రకారం నేరం, జోకు అన్నంత మాత్రాన మినహాయింపు ఉండదు.

పత్రికల వెబ్‌సైట్లకు ఒక విన్నపం. స్టాండప్ క్లిప్పులకు ‘సీమ కామెడీ’, ‘తెలంగాణ యాసలో రచ్చ’ లాంటి శీర్షికలు పెట్టకండి. కమెడియన్ పేరు, జోకు దేని గురించో రాస్తే చాలు.

– ఓపెన్ మైక్ నిర్వాహకులు, హైదరాబాద్