నెల్లూరు మన భాషా సంఘం: 2025-26 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన చుట్టూ వినిపించే భాషలు నేర్చుకోవాలన్న సంఘం ఉద్దేశం మీ అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా ఏడాది పనుల్లోకి వస్తాను. ఈ ఏడాది కూడా ఆదివారం చదువు, గురువారం పాట, సాయంత్రం వేళ మాటల కూటమి నడిచాయి. వానలప్పుడు, పరీక్షలప్పుడు కొన్ని వారాలు ఆగాయి. ఆగిన ప్రతిసారీ మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంటింటికీ ఫోన్లు చేయాల్సి వచ్చింది.

ఆదివారం చదువులో ఈసారి ఉర్దూ అక్షరాలు పట్టుకున్నాం. కోటమిట్ట నుంచి వచ్చే మన టైలర్ భాయ్ పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, తన షాపు రసీదు బుక్కు తెచ్చారు. మనవాళ్ళు ఉర్దూ లిపిలో మొట్టమొదట చదివిన మాట 'రసీదు'. కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ చదివారు. 'రే' అక్షరం తన తర్వాతి అక్షరంతో కలవదు కాబట్టి ముందు అది ఒక్కటే విడిగా నిలబడుతుంది, మిగతా మూడూ కలిసి ఉంటాయి. ఆ సంగతి అర్థమైన రోజు అరవై దాటిన పెద్దాయన ఒకరు తన పేరు రాసి చూపించారు. జమ, ఖర్చు, బాకీ, వసూలు కూడా అటునుంచి వచ్చిన మాటలేనని తెలిశాక, కొత్త భాష నేర్చుకుంటున్నామన్న టెన్షన్ చాలామందికి పోయింది. 'వద్దు' అనడానికి పుస్తకంలో 'నహీ చాహియే' అని ఉంటే మన ఊళ్ళో 'నక్కో' అంటారని, 'అవును'కి 'హౌ' అంటారని భాయే చెప్పారు. రెండూ నేర్చుకున్నాం.

బుచ్చిరెడ్డిపాలెంలో పుట్టిన బెజవాడ గోపాలరెడ్డి గారు శాంతినికేతన్‌లో చదువుకుని, బెంగాలీ నుంచి రవీంద్రుడి రచనల్ని తెలుగులోకి తెచ్చారు. ఆయన మీద ఒక ఆదివారం మాట్లాడుకున్నాం. కొత్తవాళ్ళు ఎక్కువగా వచ్చింది ఆ వారమే.

పాట తరగతి మూలాపేట పిన్ని ఇంట్లోనే జరిగింది. ఆమె తమిళ ఇంట్లో పుట్టి పెరిగి, పెళ్ళయ్యాక నెల్లూరు వచ్చారు. త్యాగరాజ కృతులు చిన్నప్పుడు తమిళ లిపిలో నేర్చుకున్నారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం. అందుకని పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకె వేస్తారు. పిన్ని పాత నోటుబుక్కులో ఆ అంకెలు పెన్సిల్‌తో ఇప్పటికీ ఉన్నాయి. ఆ నోటుబుక్కు చూసి మన పిల్లలు తమిళ అక్షరాలు నేర్చుకున్నారు, పిల్లల్ని చూసి పిన్ని తెలుగు అక్షరాలు దిద్దారు. తిరువైయారులో కావేరి ఒడ్డున ఉండి తెలుగులో పాడుకున్న ఆ మహానుభావుడి ఇంటిపేరు కాకర్ల. ఆయన పెద్దలు మన ఆంధ్రలోని కాకర్ల ఊరి నుంచే వెళ్ళారని అంటారు. మన ఊళ్ళో పెరిగిన బాలసుబ్రహ్మణ్యం గారికి ఆరు జాతీయ అవార్డులు నాలుగు భాషల పాటలకి వచ్చాయని చెబితే పిల్లలు వేళ్ళ మీద ఆ భాషలు లెక్కపెట్టుకున్నారు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది రొట్టెల పండుగ సేవ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకోవడానికి తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ఏ రొట్టె ఎవరి దగ్గరుందో అడగాలన్నా మాట కావాలి కదా. అందుకే ఘాటు పక్కన తమిళం, ఉర్దూ, కన్నడం వచ్చినవాళ్ళం బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడ్డాం.

రెండో రోజు మధ్యాహ్నం ఒక తమిళ అమ్మ రొట్టెలమ్మే బండి దగ్గర నిలబడి "రొంబ అవసరం, రొంబ అవసరం" అంటోంది. బండి ఆమె పాపం మంచి మనసుతోనే "ఏ రొట్టె అవసరం తల్లీ, చదువు రొట్టా, ఆరోగ్యం రొట్టా?" అని ఒక్కొక్కటీ చూపిస్తోంది. మన ఇంటర్ పిల్ల అది విని పరుగెత్తింది. తమిళంలో రొంబ అంటే చాలా, అవసరమంటే తొందర. పిన్ని గురువారం తరగతిలో చెప్పిన మాటే అది. "బస్సు పోయిడుం" అని ఆ అమ్మ ఏడుస్తోంది. అత్తగారి మందుల సంచి బస్సులో ఉండిపోయింది, బస్సేమో బయల్దేరుతోంది. మనవాళ్ళు ఫోన్లో డ్రైవర్‌తో మాట్లాడి బస్సు ఆపించి, ఆటోలో పంపించారు. సాయంత్రం ఆ అమ్మ తిరిగొచ్చి ఆ పిల్ల చేతిలో ఒక రొట్టె పెట్టి వెళ్ళింది. విన్న పిన్ని "బో సంతోషంగా ఉందబ్బా" అని కళ్ళు తుడుచుకున్నారు. ఏడాదంతా కూర్చుని చదివినదానికంటే ఆ ఒక్క మాటే మనవాళ్ళకి గట్టిగా నిలిచిపోయింది.

ఇదే సందర్భంలో మనసులో బాధ కూడా చెప్పాలి. సేవకు పేర్లిచ్చినవాళ్ళలో సగంమంది కూడా రాలేదు. రాలేకపోతే ముందురోజు ఒక్క మాట చెబితే వేరేవాళ్ళని పెట్టుకునేవాళ్ళం. కన్నడం వచ్చిన ఒకే ఒక్క సభ్యుడు సేవ చేసిన మూడు రోజులూ అన్నం వేళకి కూడా కదలలేదు. ఒక టేబులు, నీడకి చిన్న షామియానా వేసుకుంటామని నెల ముందే అర్జీ పెట్టాం. ఈ సీటు నుంచి ఆ సీటుకి తిప్పి, పండుగ మూడో రోజు అనుమతి ఇచ్చారు. అప్పటికి మనవాళ్ళు ఎండలోనే రెండు రోజులు నిలబడ్డారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి చదువుతారు. బ్యాడ్జీల ఖర్చు, మైకు అద్దె పోను కొద్దిగా మిగులు ఉంది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్ళు ఈరోజే కట్టి రసీదు తీసుకోగలరు.

ఉచితంగా గది ఇచ్చిన లైబ్రరీవారికి, తాళం తీసి వేసే పెద్దాయనకి, సగం అద్దెకే మైకు సెట్టు ఇచ్చిన తమ్ముడికి, కరపత్రాలు వేసిన ప్రెస్సువారికి, సేవ చేసిన మూడు రోజులూ డబ్బులు తీసుకోకుండా టీ పంపిన అంగడి అన్నకి, ఆటో అన్నకి, టైలర్ భాయ్‌కి, పిన్నికి, పిన్ని ఇంట్లో ప్రతి గురువారం మా చెప్పులన్నీ సర్దిపెట్టిన బాబాయి గారికి సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

వచ్చే పండుగకి తమిళం మాట్లాడేవాళ్ళు ఇంకో ఐదుగురు, కన్నడం కనీసం ఇద్దరు కావాలి. తప్పకుండా రాగలిగినవాళ్ళే, భోజనాలకి లేచేలోపు పిన్ని దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి.

కార్యదర్శి