వార్షిక నివేదిక 2024-25: హైస్కూల్లో కొత్తగా చేరిన పిల్లలతో మన పని

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫొటోలు అందరూ చూశారు. అందుకే ఈసారి ఎక్కువ చోటు శనివారం క్లాసుకే ఇస్తున్నాం. ఇండియా నుంచి నేరుగా వచ్చి డాలస్ చుట్టుపక్కల హైస్కూళ్లలో చేరిన పిల్లల కోసం నడుపుతున్న క్లాసు ఇది.

లెక్కల్లో వీళ్లకు మన సాయం పెద్దగా అక్కర్లేదు. ఇబ్బందంతా ఇంగ్లిష్‌తో, అమెరికా చరిత్రతో. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు కూడా పాఠంలో ఉన్న జవాబు చకచకా రాస్తారు గానీ, "నువ్వేమంటావు, పాఠంలో ఆధారం చూపించు" అంటే ఆగిపోతారు. మన డాలస్ ఉన్న టెక్సస్‌లో హైస్కూల్ డిప్లొమాకు, అంటే హైస్కూల్ చదువు పూర్తయిందనే సర్టిఫికెట్‌కు, మామూలుగా రాష్ట్రం పెట్టే ఐదు స్టార్ (STAAR) పరీక్షలు పాసవ్వాలి: ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, అమెరికా చరిత్ర. పదకొండో తరగతిలో దిగిన పిల్లకు టెన్షన్ ఎందుకుండదు?

అయినా ఏడాదంతా మేం ఎక్కువగా నచ్చజెప్పింది తల్లిదండ్రులకే. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని స్కూలువాళ్లు ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు కొందరు "ఇంగ్లిష్" అని రాసేస్తున్నారు. ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు స్కూల్లో ఇంగ్లిష్ నేర్పే క్లాసులో, వేస్తే నలుగురిలో చిన్నతనమట! అలా రాస్తే పిల్లలకు భాష పరీక్షే పెట్టరు, రావలసిన సాయం రాదు. ఆ సాయం ఎవరి దయా కాదు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన భాష రాని పిల్లలకు సమానంగా చదువు చెప్పినట్టు కాదని శాన్‌ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ముందు నిజం రాయండి. ఈఎస్ఎల్ అక్కర్లేదనుకుంటే తర్వాత వద్దనే హక్కు మీకు ఎలాగూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఇక్కడ హైస్కూల్ 9 నుంచే మొదలు. మనవాళ్లు టెన్త్ మెమో భద్రంగా తెచ్చుకుని, 9వ తరగతి మార్కుల లిస్టు ఊళ్లోనే వదిలేస్తారు. అది లేకపోతే క్రెడిట్లు (పాసైన ఒక్కో సబ్జెక్టుకు డిప్లొమా లెక్కలో చేరేవి) ఇవ్వడానికి స్కూలు కౌన్సెలర్ దగ్గర ఆధారం ఉండదు, చదివిన పాఠమే మళ్లీ చదవాల్సి రావచ్చు. వీసా రాగానే బడికి వెళ్లి, ముద్రతో, హెడ్‌మాస్టర్ సంతకంతో ఆ లిస్టు తీసుకోమని రాబోయే బంధువులకు చెప్పండి.

మన పిల్లల వెంట హోండురస్, వియత్నాం, నేపాల్ పిల్లలు కూడా క్లాసుకు వచ్చారు. "మన నిధులతో వాళ్లకెందుకు" అని కమిటీలో ఒకరిద్దరు అడిగారు. అందరూ మనవాళ్లే ఉంటే క్లాసు పది నిమిషాల్లో తెలుగులోకి దిగిపోతుంది. పక్కన స్పానిష్ మాట్లాడే పిల్లాడుంటే ఇద్దరికీ ఇంగ్లిషే గతి. కాబట్టి వాళ్లు రావడమే మనకు లాభం.

వచ్చే ఏడాదికి డబ్బు కన్నా మనుషులు కావాలి. ఆల్జీబ్రా చెప్పడానికి సాఫ్ట్‌వేర్ వాళ్లం బోలెడుమంది ఉన్నాం, అమెరికా రాజ్యాంగం అనగానే ఒక్కరూ చెయ్యెత్తరు. ఇక్కడే చదివి ఇప్పుడు కాలేజీలో ఉన్న మన పిల్లలు ముందుకు రావాలి. ఆగస్టులో బడులు తెరిచేలోగా కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు.